సభ్యురాలు

నా ఉద్యోగమేమిటో మా అత్తగారికి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. మీ కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని ఏం రాస్తుందని ఎవరైనా అడిగితే, రాయదు, చెరుపుతుంది, దానికే జీతం ఇస్తారట అని చెప్పేవారు.

ఆవిడ చెప్పింది తప్పేం కాదు. చిన్నచిన్న మదుపుదారులు చేరి మాట్లాడుకునే ఒక వెబ్‌సైటుకి నేను కాపలాదారుని. ఏ షేరు కొనాలి, ఏ ఫండు వదిలించుకోవాలి, ఏ కంపెనీని నమ్మొచ్చు అని అందరూ అక్కడ రాసుకుంటారు. ఆ రాతల్లో దొర్లిపోయే సొంత వివరాలు ఏరి తీసేయడం నా పని. ఒకాయన లాభమొచ్చిందన్న సంబరంలో ఖాతా నంబరుతో సహా పాస్‌బుక్ ఫొటో పెట్టేస్తాడు. ఇంకొకాయన సలహా అడుగుతూ ఇంటి చిరునామా, కూతురి పుట్టినరోజు రాసి, అదే తన పాస్‌వర్డని కూడా చెప్పేస్తాడు. ఫోన్ నంబరు పెట్టొద్దంటే అక్షరాల్లో రాసే ఘనులకైతే కొదవే లేదు. వాళ్లతో వాదించీ వాదించీ నా నోరు ఇలా తయారైందని మా ఆయన అంటారు. ఆయన లారీ నడుపుతారు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటారు. అందుకని ఆ నోటికి దొరికేది అత్తగారూ, మేడమీది గదిలో ఉండే మా మరిదీ.

మరిదిని వీధిలో అందరూ హీరో అంటారు. ఎంత వానలోనైనా ఇస్త్రీ మడత చెదరకుండా తిరగడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. జనం డబ్బు షేర్లలో పెట్టి నెలనెలా లాభం పంచుతామనే ఒక కంపెనీకి ఏజెంటు. వీధిలో సగం ఇళ్ల చేత డిపాజిట్లు కట్టించాడు. అత్తగారు దాచుకున్నదీ అక్కడికే చేరింది. నేను ముందు నుంచీ వద్దనే అన్నాను గానీ, కొడుకు నవ్వు ముందు కోడలి మాట ఎంత?

ఆ వానాకాలం మొదట్లో మా సైటులో కిటికీ అనే మారుపేరుతో ఒకరు ఆ కంపెనీ గురించి రాశారు. అక్కడ షేర్లు కొనడమన్నదే లేదని, కొత్తవాళ్లు కట్టిందే పాతవాళ్లకు లాభమని చేతిలో పెడుతున్నారని, కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున అంతా కూలుతుందని. తాను లోపలే పనిచేస్తున్నానని కూడా రాశారు.

ఒక కంపెనీ మీద ఎవరైనా ఇంత మాట అంటే మాకొక పద్ధతి ఉంది. రాసినవాళ్లు తాము ఎవరో, ఆధారమేమిటో మాకు విడిగా పంపాలి. మేము చూసి, సరైనదనిపిస్తే పోస్టు కింద ఆధారం చూశామని ఒక ప్రకటన పెడతాం, లేకపోతే పోస్టే తీసేస్తాం. కిటికీ లెక్కల కాగితాలూ, తన ఉద్యోగి కార్డూ పంపారు. పేరు బయటపడితే ఉద్యోగంతోపాటు తలదాచుకునే చోటు కూడా పోతుందని, చంటిపిల్ల ఉందని, జాగ్రత్తగా ఉండమని రాశారు. అవి చూసింది ఇద్దరమే. నేనూ, నాతోపాటు ఈ పని చేసే మాస్టారూ.

మాస్టారు వేరే ఇంట్లో కూర్చుని పనిచేస్తారు, మా మాటలన్నీ ఫోన్‌లోనే. జీవితమంతా బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తప్పు కనపడితే ఆయన చేయి ఊరుకోదు. జనం రాసిన పోస్టుల్లో ఒత్తులు కూడా దిద్దుతుంటే, మన పని అది కాదు మాస్టారూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. మా ప్రకటనల్లో ఆడైనా మగైనా అందరినీ సభ్యుడు అనే రాయాలని నేను పెట్టిన నియమం ఆయనకు మొదటి నుంచీ మింగుడు పడలేదు.

ఆ నియమం ఊరికే పెట్టలేదు. మన భాషలో నేను అని చెప్పుకున్నంతసేపూ మనిషి ఆడో మగో తెలియదు. చూశాను, విన్నాను, భయపడ్డాను, అందరికీ ఒకటే. పక్కవాళ్లు ఆ మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టగానే గుట్టంతా క్రియ చివర్లో బయటపడిపోతుంది. కిటికీ రాసిన పెద్ద పోస్టంతా వెతికినా ఆ సంగతి ఎక్కడా దొరకదు.

నేను ప్రకటన రాసి పెట్టి, గ్యాస్ బండ కోసం బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి అందులో ఒక్క మాట మారి ఉంది. ఈ పోస్టు రాసిన సభ్యుడు పంపిన ఆధారాలు చూశాం అన్నది, సభ్యురాలు పంపిన ఆధారాలు చూశాం అని అయింది. కార్డు మీద ఆడమనిషి ఫొటో చూసిన మాస్టారు, తప్పు దిద్దాననుకుని దిద్దేశారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే మార్చాను. కానీ ఈలోగానే ఆ ప్రకటనను ఫొటో తీసి నలుగురికీ పంపేసుకున్నారు. మాస్టారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "వ్యాకరణం ఒక్కటే చూశానమ్మా, మనిషిని చూడలేదు," అన్నారు. తిడదామనుకున్నదంతా నా గొంతులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మరిది ఆ ఫొటో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. కంపెనీ చైర్మన్ ఏజెంట్లందరినీ కూర్చోబెట్టి, ఆ సభ్యురాలు ఎవరో తేల్చమన్నాడట. తేల్చినవాళ్లకు డిపాజిట్లు కట్టించడానికి ఇంకా పెద్ద ఏరియా ఇస్తాడట. ఆఫీసులో ఆడవాళ్లు ఇద్దరే ఉన్నారు. కౌంటర్లో డబ్బు కట్టించుకునే క్యాషియరమ్మ ఒకరు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఒకరు. లెక్కలతో పని పడేది క్యాషియరమ్మకే కాబట్టి అందరి చూపూ ఆవిడ మీదే ఉందట. ఇంత చెప్పి, పొయ్యి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"పేరు చెప్పమనట్లేదు వదినా. క్యాషియరమ్మేనా? తల ఊపు చాలు."

"ఊపను."

"కాకపోతే అడ్డంగా ఊపు."

"నిలువుగానూ ఊపను, అడ్డంగానూ ఊపను. ఈ తల జీతానికి పెట్టాను, నీకు అరువివ్వడం కుదరదు."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఇంటి మనిషి కంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎక్కువయ్యారా అని అడిగాడు. ముక్కూ మొహం తెలిసింది కాబట్టే చెప్పనన్నాను. అది అతని మనసుకు గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనం మానేసి బయట తినడం మొదలుపెట్టాడు.

అత్తగారు మాత్రం తిన్నగా అడిగారు. ఆ రాసిందంతా నిజమేనా, తన డబ్బు పోయినట్టేనా అని. అందరికీ రాసిందే మీకూ చెప్తాను అత్తయ్యా, ఆధారం చూశాం, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేనన్నాను. మూగనోము పట్టిన కోడలు దొరికిందని ఆవిడ నిట్టూర్చారు. డబ్బు వెనక్కి అడగమంటే, అడిగితే చిన్నోడి మొహం చెల్లుతుందా అన్నారు. ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో తిరిగాం, బయట వాన ఒక్కటే తెరిపి లేకుండా మాట్లాడింది.

ఆ వారంలోనే క్యాషియరమ్మను ఉద్యోగంలోంచి తీసేశారు. కంపెనీ కాగితాలు దొంగిలించి బయటపెట్టిందని గోడ మీద నోటీసు కూడా అంటించారట. ఆవిడ కాదని ఒక్క ముక్క రాస్తే ఆవిడ పరువు నిలబడుతుంది. కానీ ఉన్నదే ఇద్దరు. ఒకరు కాదంటే మిగిలేది ఎవరో పసివాడికైనా తెలుస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ముక్క టైప్ చేశాను, చెరిపాను, మళ్లీ చేశాను, మళ్లీ చెరిపాను. అత్తగారు అన్నట్టు చెరపడమే నా ఉద్యోగం.

ఆవిడే మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో గొడుగు దులిపి, చెప్పులు వరసలో పెట్టి లోపలికి వచ్చిన తీరు చూస్తే, అడగాల్సింది ముందే కూడబలుక్కుని వచ్చారని తెలిసిపోయింది. మీ మరిది చెప్పాడు, ఆ సైటు మీదేనట కదా అన్నారు. మరిది ఇంట్లో లేడని చూసుకుని వీధి తలుపు మూశాను. లోపలి గదిలో అత్తగారు టీవీ చూస్తున్నారు.

క్యాషియరమ్మ కుర్చీ అంచున కూర్చున్నారు. ఎవడో పనీపాటా లేనివాడు బయట కూర్చుని అదంతా కల్పించి రాశాడని, మేము దాన్ని నమ్మామని, పైగా సభ్యురాలని రాసి తన కొంప ముంచామని చెప్పుకొచ్చారు. ఇన్నేళ్లు డబ్బు దగ్గర కూర్చుని ఒక్క రూపాయి తేడా రానివ్వలేదట. ఇప్పుడు దొంగ అని గోడకెక్కించాక ఇంకెవరు తనకు గల్లాపెట్టె అప్పగిస్తారు?

"మీరు నాకేం చేయక్కర్లేదు. అది నేను కాదని ఒక్క ముక్క రాయండి. అబద్ధం రాయమనట్లేదు కదా."

"రాయలేనండి. ఎవరు అవునని రాయను, ఎవరు కాదని కూడా రాయను. మీరే కాదు, ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్తాను."

"ఆ సభ్యురాలన్న మాట పొరపాటని అయినా రాయండి."

"ఆ మాట అలా రాయకూడదు. రాశాం, ఆ తప్పు మాది. దానివల్ల మీరు వీధిన పడ్డారు, మీ ముందు తలెత్తుకోలేను. కానీ ఆధారం మాత్రం చూశామండి. చూడకుండా ఎప్పుడూ రాయలేదు."

ఆవిడ అప్పటిదాకా ఆ ప్రకటనే అబద్ధమనుకున్నారు. ఇప్పుడు నా మొహంలోకి పరీక్షగా చూశారు.

"అంటే ఆ లెక్కలు నిజమే."

"ఆధారం చూశాం," అన్నాను మళ్లీ.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో టీవీ మోత పెరిగింది. అత్తగారివి పాము చెవులు, గోడ అవతల చీమ నడిచినా వినపడుతుంది. మా మాటలు తన చెవిన పడకూడదని కావాలనే పెంచారు. ఆవిడ మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

క్యాషియరమ్మ చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. పై అంతస్తులో చైర్మన్ లెక్కలు ఏమేం చేస్తాడో తను ఎప్పుడూ చూడలేదని, కౌంటర్లో కట్టించుకోవడం వరకే తన పని అని మెల్లగా చెప్పారు. కూలి డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చినవాళ్లకు, జాగ్రత్తగా దాచుకోమ్మా అని చెప్పి మరీ రసీదులిచ్చారట. అన్నీ ఈ చేత్తోనే ఇచ్చాను కదండీ అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఇందాకటి పట్టుదలా లేదు.

ఆ తర్వాత రెండో సంగతి ఆవిడకు తట్టింది. తట్టడం నేను కళ్లారా చూశాను.

"పైనుంచి వచ్చే కాగితాలన్నీ కింద రిసెప్షన్‌లో ప్రింట్..." అని ఆగిపోయారు.

"అమ్మా, మీకేం తోచినా అది మీ దగ్గరే ఉంచుకోండి. నా ముందు ఆ మాట పూర్తి చేయకండి," అన్నాను. ఇప్పుడీవిడ లేచి తిన్నగా ఆఫీసుకు వెళ్లి చెప్తే ఆవిడ ఉద్యోగం ఆవిడకొస్తుంది. ఆపడానికి నా చేతిలో ఏ మీటా లేదు.

ఆవిడ గోడవైపు చూస్తూ, "అది ఉంటున్న ఇల్లు కూడా చైర్మన్‌దే," అన్నారు.



కాసేపటికి ఆవిడ అడిగింది వేరే మాట. ఇలాంటి కంపెనీలను తనిఖీ చేసే పెద్ద ఆఫీసు ఒకటుంది కదా, వాళ్లెందుకు రాలేదని. పేరూ సంతకం లేని ఫిర్యాదును వాళ్లు ముట్టుకోరని, సంతకం పెట్టే మనిషి దొరక్కే ఫిర్యాదు అక్కడిదాకా వెళ్లలేదని చెప్పాను. ఆవిడ తలాడించి, లేచి, చీర సర్దుకున్నారు.

"ఎలాగూ నేనే అంటున్నారు కదా. అయితే నేనే. ఎక్కడ పెట్టాలో చెప్పండి సంతకం."

బాగా ఆలోచించుకోమన్నాను. చైర్మన్ మనుషులు మంచివాళ్లు కాదని, మీ పేరు మీద ఇంకా బురద చల్లుతారని ఉన్నదున్నట్టు చెప్పాను. పొడి బట్ట మీద పడితే బాధ గానీ తడిసిపోయినదానికేముందని నవ్వారు. నాకు సొంత ఇల్లుంది, నన్ను నా ఇంట్లోంచి ఎవడు వెళ్లగొడతాడో చూస్తానన్నారు. టీ తాగమంటే, పని అయ్యాక వచ్చి తాగుతానని గొడుగు తీసుకుని బయల్దేరారు.

నేను కిటికీకి రాశాను. ఫిర్యాదుకు జతచేయడానికి ఆ కాగితాలు ఇవ్వొచ్చా అని మాత్రమే అడిగాను, సంతకం ఎవరిదో చెప్పలేదు. ఇవ్వమని జవాబొచ్చింది. మాస్టారూ నేనూ ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఒక్కో పేజీ భూతద్దం పెట్టినట్టు చూశాం. ప్రతి పేజీ అడుగున ప్రింట్ తీసినవాళ్ల గుర్తూ సమయమూ సన్నగా పడి ఉన్నాయి. నాకు ఒకచోట దొరకనిది మాస్టారికి దొరికింది. ఒత్తులు వెతికిన కన్ను ఆ రోజు ఆ మనిషిని కాపాడింది. అవన్నీ తీసేసిన కాగితాలే క్యాషియరమ్మ సంతకం కింద వెళ్లాయి.

వానలు వెనకబట్టే వేళకు తనిఖీవాళ్లు దిగారు. ఆఫీసు షట్టర్లకు సీళ్లు వేశారు, చైర్మన్‌ను తీసుకెళ్లారు. ఖాతాల్లో మిగిలింది అందరికీ పంచుతారని, రసీదులున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలని ప్రకటించారు. అంతా తిరిగి రాదని తెలుసు. ఇంకో ఏడాది నడిచుంటే ఆ మాత్రం కూడా దక్కేది కాదు.

ఆ సాయంత్రం మరిది మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా అంతా నలిగిపోయింది. నేను టీ తెచ్చి పక్కన పెడితే, నాకు ముందే చెప్పి ఉండాల్సింది వదినా అన్నాడు.

"చెప్పి ఉంటే ఏం చేసేవాడివి?"

అబద్ధమాడొచ్చు, ఆడలేదు.

"చైర్మన్‌కి చెప్పేవాణ్ణి," అన్నాడు.

అతని మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది. అత్తగారు లోపలి నుంచి వచ్చి, చేయి పట్టి లేపారు. కట్టించడానికి నవ్వుకుంటూ వెళ్లావుగా, ఇప్పుడు కూడా అవే గడపలు ఎక్కాలి పద, నేనూ వస్తానన్నారు. ఆ తల్లీకొడుకులు ఇంటింటికీ వెళ్లి తిట్లన్నీ తిని, రసీదులు పట్టుకుని మా ఇంటికి రమ్మని చెప్పి వచ్చారు. మా ముందుగది ఆఫీసైపోయింది. నా కంప్యూటర్ ఓ మూలకు జరిగింది. దరఖాస్తులు నింపేది మరిది. ఏ రసీదు ఏ రోజుదో, ఎవరు ఎప్పుడు కట్టారో చూసి చెప్పేది క్యాషియరమ్మ. పని అయ్యాక వచ్చి తాగుతానన్న టీ ఇప్పుడు రోజూ తాగుతున్నారు, పంచదార తక్కువైందని వంక కూడా పెడుతున్నారు.

మాస్టారు ఉద్యోగం మానేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. బదులుగా నియమం మార్చాను. ఇక నుంచి ఎవరి గురించైనా రాసినవారు, పంపినవారు అనే రాయాలి. ఒక్కరి గురించి వారు అనడం బహువచనమవుతుంది కదమ్మా అని ఆయన గొణిగారు. మనకు కావాల్సిందే అది మాస్టారూ, ఒక్కరి కోసం వెతికితే గుంపు కనపడాలన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. భుజం మీద పాప నిద్రపోతోంది. చైర్మన్ ఇంటిగది ఖాళీ చేసి వేరే చోట చేరిందట, ఉద్యోగం కూడా దొరికిందట. కిటికీ తానేనని ఇకపై ఎవరికి చెప్పుకున్నా ఫర్వాలేదని చెప్పి వెళ్దామని వచ్చానంది. ఆ మాట అన్నది కాబట్టే ఇవాళ ఇదంతా చెప్పగలుగుతున్నాను. గుమ్మంలోనే నిలబడి, ముందుగదిలో క్యాషియరమ్మను చూసి, లోపలికి అడుగు వేయలేకపోయింది.

ఏమైందని అడిగితే అప్పుడు చెప్పింది. ఫిర్యాదు సంగతి తెలిసిన మర్నాడు చైర్మన్ క్యాషియరమ్మను పిలిపించి స్టాఫంతటి ముందూ నిలబెట్టాడట. ఒక్కొక్కరినీ ఈవిడ గురించి ఏమంటారని అడిగాడట. అంతకు ముందే క్యాషియరమ్మ ఈ అమ్మాయి ఇంటికి వెళ్లి, రేపు నీ వంతు వచ్చినప్పుడు నన్ను గట్టిగా తిట్టు, జాలి చూపించావంటే నీ మీదకే వస్తారు అని చెప్పి వచ్చారట.

"తిట్టాను," అంది ఆ అమ్మాయి. "అందరి ముందూ ఆవిణ్ణి దొంగ అన్నాను." పాప లేస్తుందని ఏడుపు బిగబట్టుకుంది.

మరిది పెన్ను ఆపేశాడు. క్యాషియరమ్మ మాత్రం రసీదుల మీంచి తలెత్తలేదు.

"సరిగ్గా తిట్టలేదు," అన్నారు. "ఆవిడ దొంగండీ, నమ్మకద్రోహం చేశారండీ అంది. దొంగని ఎవరైనా చేశారు అంటారా? చేసింది అనమని అంత చెప్పి వచ్చాను. చైర్మన్ పక్కనే ఉన్నాడు. ఎక్కడ పట్టేస్తాడోనని నా గుండె ఆగినంత పనైంది."

"నాకు నోరు రాలేదండీ," అంది ఆ అమ్మాయి.

క్యాషియరమ్మ అప్పుడు తలెత్తారు. పక్క కుర్చీలోని కాగితాలన్నీ తీసి ఒళ్లో పెట్టుకుని, "పాపని ఇలా ఇచ్చి కూర్చో," అన్నారు.